సమాధానము వేడిన సంగీతకర్త

చదువవలసిన లేఖన భాగములు: యిర్మీయా 8:15–22, మీకా 4:1–4, కీర్తన 85



ప్రభురాత్రి భోజన ఆరాధనలో మనము దేవుని గొఱ్ఱెపిల్లను ఉద్దేశించి మూడు మారులు మొఱ పెట్టుదుము. మొదటి రెండు మారులు కనికరమును వేడుకొందుము. మూడవ మారు సమాధానమును వేడుకొందుము. చిన్ననాటినుండి నోటికి వచ్చిన మాటలు గనుక, వాటిని పలుకునప్పుడు మన మనస్సు ఒక్కొకప్పుడు తోటలోని కాపు మీదను, ఇంటిలోని పొయ్యి మీదను ఉండును. ఆ మూడవ మొఱనే తీసికొని, యుద్ధమును కన్నులార చూచిన ఒక మనుష్యుడు గొప్ప సంగీతమును కూర్చెను. ఆయన పేరు రాల్ఫ్ వాన్ విలియమ్స్. మొదటి పేరును రేఫ్ అని పలుకవలెనని ఆయన పట్టు పట్టుచుండెడివాడు. ఆయన జీవితమును ఈ నెల మీ ముందుంచుచున్నాను.

ఆయన 1872 అక్టోబరు 12న ఇంగ్లాండు దేశములోని గ్లాస్టర్‌షైరులో డౌన్ ఆంప్నీ అను పల్లెయందు జన్మించెను. తండ్రి ఆర్థర్ వాన్ విలియమ్స్ ఆ పల్లె దేవాలయమునకు గురువు. అనగా ఈయన మన మాటలో చెప్పవలెనన్న అయ్యగారి బిడ్డ. అయితే పిల్లవానికి మూడేండ్లు నిండకమునుపే, 1875లో తండ్రి మరణించెను. తల్లి మార్గరెట్ ముగ్గురు బిడ్డలను వెంటబెట్టుకొని సర్రేలో లీత్ హిల్ కొండ మీదనున్న పుట్టింటికి చేరెను. ఆమె పుట్టినిల్లు సామాన్యమైనది కాదు. పింగాణి పాత్రలు చేయించి పేరుపొందిన వెడ్జివుడ్ వంశము అది. ఆ వంశమునకు మూలపురుషుడైన జోసయ్య వెడ్జివుడ్ బానిస వ్యాపారమును ఖండించుచు, సంకెళ్లతో మోకరించిన దాసుని రూపముగల పతకములను 1787లో చేయించి పంచిపెట్టినవాడు. జీవజాతుల పుట్టుకను గూర్చి గ్రంథము వ్రాసిన చార్లెస్ డార్విన్ ఆ తల్లికి స్వయాన మేనమామ. ఆ గ్రంథమును గూర్చి ఇంటిలో మాట రాగా చిన్న రేఫ్ తల్లిని అడిగెనట. దేవుడు లోకమును ఆరు దినములలో చేసెనని పరిశుద్ధ గ్రంథము చెప్పుచున్నదనియు, మామగారు మాత్రము ఇంకను ఎక్కువ కాలము పట్టెనని తలంచుచున్నారనియు, ఏలాగైనను అది ఆశ్చర్యకార్యమే గనుక దిగులుపడ పనిలేదనియు ఆమె చెప్పెనట. బిడ్డలు అడిగిన ప్రశ్నకు కసరక జవాబు చెప్పు తల్లి దొరకుట గొప్ప భాగ్యము.

సంగీతమును మొదట నేర్పినది ఆయన పెద్దమ్మ సోఫీ. ఆరేండ్ల వయస్సుననే పియానోకు చిన్న ముక్కనొకటి కూర్చెను. అటుతరువాత లండనులోని రాయల్ కాలేజి ఆఫ్ మ్యూజిక్‌లోను, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలోను చదివెను. అయినను ఆయన వేగముగా ఎదిగినవాడు కాడు. ఇతనికి సంగీతము రాదు, ఊరక పట్టుదలచేత కాలము గడుపుచున్నాడని బంధువులలో కొందరు అనుకొనిరి. ముప్పది యేండ్లు దాటువరకు ఆయనకు తన గొంతు ఏదో తెలియలేదు.

దానిని తెలిపినవాడు ఒక పల్లెటూరి కూలి. 1903 డిసెంబరులో ఎసెక్సులోని ఇంగ్రేవ్ అను పల్లెలో చార్లెస్ పాటిఫర్ అను వృద్ధుడు తాతలనాటి పాటనొకదానిని ఈయనకు పాడి వినిపించెను. చదువురాని ఆ ముసలివాని నోట వినిన రాగము, ఎన్నో తరములనుండి తనలో ఉన్నదే తనకు తిరిగి దొరికినట్లు ఈయనకు తోచెను. ఆనాటినుండి పదేండ్లపాటు పల్లెలవెంట తిరిగి 800కు పైగా పాటలను వ్రాసికొనెను. పొలములలోను, సత్రములలోను, బీదల వృద్ధాశ్రమములలోను కూర్చుండి, పాడువారు పాడగా కాగితముమీద స్వరములు దించెను.

1904లో పెర్సీ డియర్మర్ అను గురువు ఆయన ఇంటికి వచ్చి, క్రొత్త కీర్తనల పుస్తకమునకు రాగముల పని చూడుమని కోరెను. రెండు నెలల పని అనుకొనిరి. రెండేండ్లు పట్టెను. 1906లో వెలువడిన ఆ ఇంగ్లీషు కీర్తనల పుస్తకములో ఈయన కూలివారి నోట వినిన రాగములను దేవాలయములోనికి తెచ్చెను. పొలములో పాడిన పాట బలిపీఠము ముందర పాడిరి. మన దేశములో పురుషోత్తమ చౌదరిగారు మొదలైనవారు తెలుగు రాగములలో క్రైస్తవ కీర్తనలు వ్రాసి ఎంత మేలు చేసిరో మీకు తెలియును. పరదేశపు రాగము పెదవులమీద నిలుచును, ఇంటి రాగము గుండెలోనికి దిగును. తాను స్వయముగా కూర్చిన రాగములలో కొన్నిటికి ఆయన తన పేరైనను వేసికొనలేదు. సకల పరిశుద్ధుల పండుగనాడు ఇంగ్లీషు సంఘములు పాడుకొను ప్రసిద్ధ కీర్తనకు ఆయన కూర్చిన రాగమునకు పేరులేనిదని అర్థమిచ్చు లాటిను పేరు పెట్టెను. మరియొక రాగమునకు తాను పుట్టిన పల్లె పేరే పెట్టెను.

ఇచ్చట ఒక సంగతి దాచక చెప్పవలెను. ఇంతటి కీర్తనల పని చేసిన ఈ మనుష్యుడు విశ్వాసమును ఒప్పుకొన్నవాడు కాడు. యౌవనమందు దేవుడు లేడనెను. పెద్దవాడైన తరువాత, ఉన్నాడో లేడో తనకు తెలియదనెడి స్థితిలో నిలిచెను. ఆయన భార్య అర్సులా తరువాత వ్రాసిన జీవితచరిత్రలో దీనిని కప్పిపుచ్చలేదు. అట్టివాని జీవితమును సంఘపత్రికలో వ్రాయనేల యని మీలో కొందరు అడుగవచ్చును. మత్తయి సువార్త 21వ అధ్యాయములో ప్రభువు ఇద్దరు కుమారుల సంగతి చెప్పెను. ఒకడు పోనని చెప్పి, పిమ్మట తోటలోనికి పోయి పనిచేసెను. రెండవవాడు పోదునని చెప్పి ఇంటనే ఉండెను. తోట యజమానునికి లెక్క తెలియును. మనము ఆ లెక్కల పుస్తకమును విప్పనక్కరలేదు. పని మాత్రము చూడవచ్చును.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినప్పుడు ఆయన వయస్సు 41. సైన్యమునకు పోవలసిన నిర్బంధము లేదు. అప్పటికే ఆయన లండను సింఫనీ మొదలైన కృతులచేత పేరు పొందియుండెను. అయినను ఆ సంవత్సరాంతమున సైనిక వైద్యదళములో సాధారణ సిపాయిగా చేరెను. తనకంటె ఇరువదేండ్లు చిన్నవారితో కలిసి డ్రిల్లు చేసెను. 1916 జూనులో ఆయన దళము ఫ్రాన్సుకు వెళ్లెను. అర్రాస్ పట్టణమునకు దాపుననున్న ఎకోయివర్ అను పల్లెయందు వారి మకాము. రాత్రివేళ ముందు వరుసల దగ్గరకు అంబులెన్సు బండ్లతో పోయి, గాయపడినవారిని ఎక్కించుకొని తెచ్చుట ఆయన పని. ఆ చోటికి ఉత్తరముగా కొద్ది దూరములోనే నవ్ షపెల్ అను ఊరున్నది. ఫ్రాన్సు, బెల్జియము దేశములలో మరణించి, సమాధియైనను తెలియని 4,700కు పైగా భారతీయ సైనికుల పేర్లు అక్కడి జ్ఞాపక కట్టడముమీద చెక్కబడియున్నవి. కాబట్టి ఆ నేల మనకు సంబంధము లేనిది కాదు.

ఆ యేటి ఆగస్టు 5న ఆయన ప్రియస్నేహితుడు జార్జి బట్టర్‌వర్త్ సొమ్ నది ప్రాంతపు యుద్ధములో గుండు తగిలి మరణించెను. 31 యేండ్లవాడు. తానును సంగీతకర్తయే. పల్లెపాటల సేకరణలో ఈయనకు తోడు. లండను సింఫనీని వ్రాయుమని ప్రోత్సహించినవాడు కూడ అతడే. ఆ కృతిని ఈయన తరువాత అతని జ్ఞాపకార్థముగా అంకితము చేసెను.

1916 చివర దళమును గ్రీసు దేశపు సలోనికాకు పంపిరి. అది మన పరిశుద్ధ గ్రంథములోని థెస్సలొనీకయే. పౌలు పత్రికలు వ్రాసిన ఊరి పొలిమేరలలో ఈ సంగీతకర్త మన్నెము జ్వరము రాకుండ నీటిగుంటలు పూడ్చు పని చేసెను. ఆ యేటి క్రిస్మసునకు ఒలింపసు పర్వతపు ప్రాంతమున తోటి సిపాయిలచేత పల్లెరాగముల క్రిస్మసు పాటలు పాడించెను. ఆ పని తనకు చాలదని తలంచి, ఫిరంగిదళములో అధికారిగా శిక్షణ పొంది, 1918లో తిరిగి ఫ్రాన్సుకు పోయెను. క్షతగాత్రులను మోసిన చేతులే ఇప్పుడు పెద్ద ఫిరంగులను నడిపించెను. ఇది ఆయన జీవితములో నాకు మిక్కిలి కష్టముగా తోచు భాగము. ఆయన ఎవరిమీదను నేరము మోపక, తనను వేరుగా నిలుపుకొనక యుద్ధమును గూర్చి వ్రాయుటకు ఇదియే కారణమేమో. ఆ ఫిరంగుల మ్రోత వలన చెవులకు కలిగిన హాని ముసలితనములో బయటపడి ఆయనకు చెవుడు వచ్చెను.

యుద్ధము ముగిసినప్పుడు లోకము విజయగీతముల కొరకు ఎదురుచూచెను. ఆయన ఇచ్చినది వేరు. 1922 జనవరి 26న లండనులోని క్వీన్స్ హాలులో ఏడ్రియన్ బోల్ట్ నడిపించగా ఆయన మూడవ సింఫనీ మొదట వినబడెను. దానికి గ్రామీణ సింఫనీ అని పేరు. సింఫనీ అనగా పాటమాటలు లేక, వయొలిన్లు, వేణువులు, కొమ్ములు, బూరలు, డోళ్లు మొదలైన ఎనుబది తొంబది వాయిద్యములు కలిసి వాయించు పెద్ద కృతి. పేరు చూచి, ఇది పచ్చికబయళ్లలో గొఱ్ఱెలను ఆవులను చూచి వ్రాసినదని కొందరు ఎగతాళి చేసిరి. అవి ఇంగ్లాండు పొలములు కావు, ఫ్రాన్సు యుద్ధభూములని ఆయన చాలకాలమునకు గాని చెప్పలేదు. సాయంకాలమున అంబులెన్సు బండితో కొండమీద నిలిచి చూచిన భూమి అది. ఎకోయివర్‌లో ఒక సైనికుడు బూర ఊదుట అభ్యసించుచు, పై స్వరము నందుకొనలేక కొంచెము క్రిందనే ఆగిపోవుచుండెడివాడు. ఆ తప్పిన స్వరమునే రెండవ భాగములో దూరమునుండి వినబడు బూరకు ఈయన ఇచ్చెను. చివరి భాగములో ఒక స్త్రీ గొంతు మాటలు లేకుండ పాడును. చనిపోయినవారిని గూర్చి ఆయనకు ఆ దినమున మాటలు దొరకలేదు.

మాటలు దొరకుటకు మరి 14 యేండ్లు పట్టెను.

1936 ఎట్టి సంవత్సరమో జ్ఞాపకము చేసికొనుడి. ఇటలీ సైన్యము అబిస్సీనియాను, అనగా ఇథియోపియాను ఆక్రమించెను. మార్చిలో హిట్లరు సైన్యమును రైన్ నది ప్రాంతములోనికి నడిపించెను. జూలైలో స్పెయిను దేశములో అన్నదమ్ములమధ్య యుద్ధము మొదలాయెను. ఆ సంవత్సరమే ఉత్తర ఇంగ్లాండులోని హడర్స్‌ఫీల్డ్ అను బట్టల మిల్లుల పట్టణములో అచ్చటి గానసంఘమునకు నూరేండ్లు నిండెను. అందు పాడువారు జీతముకొరకు పాడువారు కారు, పగలు తమ పనులు చేసికొని సాయంకాలమున కూడి నేర్చుకొనువారు. వారి నూరేండ్ల ఉత్సవమునకు ఈయన క్రొత్త కృతినొకటి వ్రాసియిచ్చెను. ఉత్సవమునకు ఆర్భాటమైన పాట వచ్చునని ఎవరైనను తలంచియున్నయెడల వారికి వచ్చినది ఒక మొఱ. దాని పేరు లాటినులో దోనా నోబిస్ పాచెమ్. మాకు సమాధానము దయచేయుమని దాని అర్థము. మన ఆరాధనలోని ఆ మూడవ మొఱయే.

1936 అక్టోబరు 2న హడర్స్‌ఫీల్డ్ టౌన్‌హాలులో ఆల్బర్ట్ కోట్స్ నడిపించగా, మాంచెస్టరునుండి వచ్చిన హాలే ఆర్కెస్ట్రా వాయించుచుండగా, ఆ గానసంఘమువారు దానిని మొదట పాడిరి. ముప్పది అయిదు, నలువది నిమిషముల కృతి. ఈ దినములలో సెల్‌ఫోనులో సహితము దొరకును గనుక, పిల్లలనడిగి ఒక సాయంకాలము వినుడి. వినుటకు దారి చూపుటకై దాని క్రమమును చెప్పెదను.

మొదట ఒక స్త్రీ ఒంటరిగా గొఱ్ఱెపిల్లను గూర్చిన మొఱను ఎత్తును. ఆమె వెనుక గాయకసమూహమంతయు అదే మాట అందుకొనును. అది మనము ఆదివారమున పలుకునట్టి నెమ్మదియైన పలుకు కాదు. ఇల్లు కాలుచుండగా పొరుగువారిని పిలిచెడి కేక. ఆ కేక తగ్గుచుండగా దూరమున డోలు వినబడును. వెంటనే డోళ్లును బూరలును మీదికి వచ్చిపడును. అమెరికా అంతర్యుద్ధములో ఆసుపత్రులలో గాయపడిన సైనికులకు ఉపచారము చేసిన వాల్ట్ విట్మన్ అను కవి మాటలను ఇచ్చట వాడుకొనెను. ఆ డోలు కిటికీలు పగులగొట్టుకొని లోపలికి వచ్చును. ఆరాధన జరుగు గుడిలోనికి వచ్చును. బడిలోనికి వచ్చును. క్రొత్త పెండ్లికుమారుని లేపును. దుక్కి దున్ను రైతును నిలుపును. తల్లి ఏడ్పునకు, పిల్లవాని గొంతునకు అది చెవియొగ్గదు. మేళతాళములనగా మనకు పెండ్లిండ్లును పండుగలును జ్ఞాపకమునకు వచ్చును. ఈ డోలు వినినవారికి వేరొకటి జ్ఞాపకమునకు వచ్చును.

పిమ్మట సంగీతము మెత్తబడును. ఒక పురుషుడు పాడును. శవపేటికలో తెల్లబడిన ముఖముతో పడియున్న తన శత్రువు దగ్గరకు ఒక సైనికుడు వంగి, ఆ ముఖమును పెదవులతో తాకును. శత్రువును ప్రేమింపుడని ప్రభువు కొండమీద చెప్పిన మాటను మనము ఎన్నోసారులు బోధించితిమి. శత్రువు బ్రదికియుండగా చేయవలసిన ఆ పనిని ఈ సైనికుడు అతడు చచ్చిన తరువాత చేసెను. పాట అంతకుమించి ఏమియు చెప్పదు.

తరువాతి భాగము శవయాత్ర. తండ్రియు కుమారుడును ఒకే యుద్ధములో కలిసి కూలిరి. ఇద్దరికి ఒకే చోట జంట సమాధి. సాయంకాలపు వెన్నెలలో డోళ్లు మెల్లగా నడుచును. ఈ భాగమును ఆయన మొదటి యుద్ధమునకు మునుపే వ్రాసి పెట్టెలో ఉంచియుండెను. యుద్ధమును చూడకమునుపు వ్రాసిన దానిని చూచిన తరువాత బయటికి తీసెను.

అటుతరువాత పార్లమెంటులో మాట్లాడిన మాటకు రాగము కట్టెను. 1855లో క్రిమియా యుద్ధము జరుగుచుండగా జాన్ బ్రైట్ అను సభ్యుడు లేచి, మరణదూత దేశమంతట సంచరించుచున్నదని మాట్లాడెను. ఈ బ్రైట్ క్వేకరు సంఘస్థుడు, మన దేశ ప్రజల పక్షమున కూడ ఆ సభలో పలుమారులు మాట్లాడినవాడు. నిర్గమకాండము 12వ అధ్యాయములో ద్వారబంధములమీద రక్తమున్న ఇండ్లను సంహారకుడు దాటిపోయెను. ఈ దినములలో అట్లు గుర్తు పెట్టువాడెవడును లేడనియు, కోటయనక గుడిసెయనక ఆ దూత ప్రతి ఇంటికి వచ్చుననియు ఆయన భావము. గుడిసెలవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. సిపాయిలు ఎక్కువగా ఏ ఇండ్లనుండి పోవుదురో మీరెరుగుదురు.

ఆ వెంటనే యిర్మీయా గ్రంథము 8వ అధ్యాయము వచ్చును. సమాధానముకొరకు కనిపెట్టితిమి, మేలేమియు రాలేదని ప్రవక్త విలపించును. గుఱ్ఱముల సకిలింపునకు నేల అదరును. కోతలు అయిపోయి, వేసవి దాటిపోయినను తమకు విడుదల రాలేదని జనులు ఏడ్చుదురు. గిలాదులో ఔషధము లేదా, వైద్యుడు లేడా యని అడుగుదురు. మామిడి తోటలు పెట్టినవారికి ఈ వచనము పండితుల సహాయము లేకయే అర్థమగును. జూను నెల దాటి, చెట్లు ఖాళీయై, కావలి గుడిసె విప్పిన తరువాత అప్పు అట్లే నిలిచియున్న ఇంటిలో ఎట్టి మౌనముండునో మనకు తెలియును. ప్రవక్త ఆ మౌనమును ఒక దేశమంతటికి చెప్పెను. వాన్ విలియమ్స్ దానిని ఐరోపా ఖండమంతటికి చెప్పెను. గాయపడినవారిని మోసినవాడు గనుక, వైద్యుడు లేడా యను ప్రశ్న ఆయనకు పుస్తకములోని ప్రశ్న కాదు.

చివరి భాగములో దానియేలు 10వ అధ్యాయములోని ధైర్యపు మాటతో వెలుగు వచ్చును. హగ్గయి, మీకా, లేవీయకాండము, కీర్తనలు, యెషయా, లూకా గ్రంథములలోని మాటలు ఒకదానివెంట ఒకటి నడచును. జనముమీద జనము కత్తి యెత్తకుండు దినము, నీతియు సమాధానమును ఒకదానినొకటి కలిసికొను దినము, గొల్లలకు దూతలు వినిపించిన పాట. గంటలు మ్రోగును. మీకా 4వ అధ్యాయములో ఆ మాటకు తరువాతి వచనమున ప్రతివాడును తన ద్రాక్షచెట్టు క్రిందను, అంజూరపు చెట్టు క్రిందను భయములేక కూర్చుండునని ఉన్నది. నూజివీడు ప్రాంతములో దానిని రసాల చెట్టు క్రిందనని చదువుకొన్నను ప్రవక్త కోపపడడు.

ఈ సంతోషము కొంచెము త్వరపడి వచ్చెనని నాకు తోచును. అంతటి దుఃఖము తరువాత ఇన్ని వాగ్దానములను ఇంత కొద్ది నిమిషములలో కూర్చిన, వినువాని మనస్సు వెనుకబడును. అది ఆయనకును తెలిసియుండవచ్చును. ఏలయనగా కృతి అక్కడ ముగియదు. గంటలు ఆగును. ఆర్కెస్ట్రా మౌనమగును. వాయిద్యములు లేకుండ గాయకులు మెల్లగా పాడుచుండగా, మొదట మొఱ పెట్టిన ఆ స్త్రీ గొంతు తిరిగి వచ్చి, అదే మూడు లాటిను మాటలను అడిగి, క్రమముగా సన్నగిలి నిలిచిపోవును. మన భాషలో సమాధానమను మాటకు రెండర్థములున్నవి. గుడిలో అది నెమ్మది, బడిలో అది ప్రశ్నకు జవాబు. ఆ రాత్రి హడర్స్‌ఫీల్డ్ హాలులో జనులు ఆ రెండర్థములలోను అడిగిరి.

ఆ నవంబరులో బి.బి.సి. రేడియోలో ఆయనే నడిపించగా ఆ కృతి ప్రసారమాయెను. దేశమందు అనేక గానసంఘములు దానిని పాడెను. 1939 సెప్టెంబరులో రెండవ యుద్ధము వచ్చెను.

సంగీతము యుద్ధమును ఆపలేదు. ఆపునని ఆయన ఎన్నడును చెప్పలేదు. అప్పుడు ఆయన వయస్సు 66. డార్కింగ్ అను ఊరిలో నివసించుచు, యుద్ధ సామగ్రికొరకు ఇనుప తుక్కును చేతిబండిలో ఇంటింట పోగుచేసెను. తోటలో కూరగాయలు పండించెను. హిట్లరు పాలననుండి తప్పించుకొని వచ్చినవారికి నిలువనీడ చూపు స్థానిక సంఘములో పనిచేసెను. జర్మనీనుండి ఆశ్రయము కోరి వచ్చిన సంగీతకారులను శత్రుదేశస్థులని ఇంగ్లాండు ప్రభుత్వము నిర్బంధ శిబిరములలో పెట్టగా, వారి విడుదల విచారించు కమిటీకి ఆయన అధ్యక్షుడుగా ఉండెను. శత్రువు ముఖమును చచ్చిన తరువాత ముద్దుపెట్టుకొన్న సైనికుని పాట వ్రాసినవాడు, బ్రదికియున్నవారి కొరకు దరఖాస్తులు చదివెను.

ఆ యుద్ధము మన తీరమునకును వచ్చెను. 1942 ఏప్రిల్ 5 ఈస్టరు ఆదివారము. ఆ దినమున జపాను విమానములు కొలంబోమీద పడెను. మరునాడు, ఏప్రిల్ 6న, విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు పడెను. తీరపు పట్టణములనుండి అనేకులు మూటాముల్లె కట్టుకొని లోపలి పల్లెలకు పరుగెత్తిరి. ముందునాడు పునరుత్థాన గీతములు పాడిన గొంతులతోనే మరునాడు ప్రాణభయముతో కేకలు వేసిరి. హడర్స్‌ఫీల్డ్‌లో పాడిన ఆ డోలు మన తాతల వాకిళ్లవరకు వచ్చెను.

1943 జూను 24న లండనులోని ఆల్బర్ట్ హాలులో ఆయన తన అయిదవ సింఫనీని తానే నడిపించెను. గ్రామీణ సింఫనీ మొదట వినబడిన క్వీన్స్ హాలు 1941 మే నెలలో బాంబు పడి కాలిపోయియుండెను. యుద్ధ మధ్యమున వినబడిన ఈ కృతిలో ఒక్క డోలు దెబ్బయు కోపముతో పడదు. దీనికి మూలము మన ఇండ్లలో ఉన్న పుస్తకమే, జాన్ బన్యన్ వ్రాసిన యాత్రికుని ప్రయాణము. ఆ కథను సంగీత నాటకముగా చేయవలెనని ఆయన యేండ్ల తరబడి శ్రమపడుచుండెను. అది ముగియదేమో యని భయపడి, అందుకై వ్రాసిన రాగములలో కొన్నిటిని ఈ సింఫనీలో పెట్టెను. మూడవ భాగపు వ్రాతప్రతి మీద, క్రైస్తవుడు సిలువ దగ్గర నిలిచి భారము దింపుకొను చోటిలోని మాటలను వ్రాసికొనెను. నాటకము 1951లో ముగిసి ప్రదర్శింపబడెను. సిలువను ఒప్పుకొనని మనుష్యుడు జీవితములో నలువది యేండ్లకు పైగా ఆ భారము దింపుకొను చోటి చుట్టు తిరిగెను. దీనికి నా దగ్గర వివరణ లేదు.

మీకు ఎక్కువ నచ్చు సంగతిని నేను ఇంతవరకు చెప్పలేదు. 1905లో ఆయన అక్క మార్గరెట్ మొదలైనవారు లీత్ హిల్ ప్రాంతపు పల్లెల గానసంఘములకు ఒక సంగీతోత్సవమును ప్రారంభించిరి. చలికాలమంతయు ప్రతి పల్లె తన ఊరిలో పాట నేర్చుకొనును. ఉత్సవ దినమున పగలు పల్లెలు ఒకదానితో ఒకటి పోటీపడును. సాయంకాలము పోటీ మరచి అందరు ఒకే సమూహముగా ఆర్కెస్ట్రాతో కలిసి పాడుదురు. 1905నుండి 1953వరకు దానిని నడిపించినవాడు వాన్ విలియమ్స్. రాజు చేతినుండి గొప్ప గౌరవపదకము నొందినవాడు, సర్ అను బిరుదు వద్దన్నవాడు, పల్లెటూరి కంఠములకు శ్రుతి తప్పకుండ పాడుట నేర్పుచు దాదాపు ఏబది యేండ్లు గడిపెను. స్వరము తప్పినవారిమీద ఆయనకు కోపము మెండుగా వచ్చునట, అంతలోనే చల్లారునట. పాస్టర్లకును కీర్తనల నాయకులకును ఇది కొంత ఓదార్పు.

1951లో మొదటి భార్య ఆడెలైన్ చాలకాలపు వ్యాధి తరువాత మరణించెను. 1953లో అర్సులాను వివాహమాడెను. చెవుడు ఎక్కువైనను వ్రాయుట మానలేదు. 85 యేండ్ల వయస్సున, 1958 ఏప్రిలులో ఆయన తొమ్మిదవ సింఫనీ మొదట వినబడెను. దానిని గ్రామఫోను రికార్డు చేయుటకు ఆగస్టు 26వ తేదీని నిర్ణయించిరి. నడిపించువాడు, 1922లో ఫ్రాన్సు పొలముల సింఫనీని నడిపించిన ఆ ఏడ్రియన్ బోల్ట్‌గారే. ఆ ఉదయమున ఆయన వచ్చి ప్రక్కన కూర్చుండి వినవలసియుండెను. రాత్రి ఇంటిలోనే మరణించెను. వాయిద్యకారులు సమకూడినప్పుడు బోల్ట్ ఆ వార్తను వారికి తెలిపెను. వారు వాయించిరి. ఆయన చితాభస్మమును సెప్టెంబరు 19న వెస్ట్‌మినిస్టరు ఆబీ దేవాలయములో, పూర్వపు సంగీతకర్త పర్సెల్ సమాధికి దాపున ఉంచిరి.